మిలిటరీ వకీలు మా పెద్దబాపు

పోయిన ఆదివారం ఆరాధన ముగించుకుని బయటికి వస్తూ, చర్చి గేటుకు కొత్తగా కట్టిన ఫ్లెక్సీ చూసి, ఒక కాలికి చెప్పు తొడుక్కుని రెండో కాలు ఎండకు కాగిన బండ మీదే ఉంచి, కాలు కాలుతున్న సంగతి కూడా తెలియకుండా నిలబడిపోయాను. సంఘం వార్షికోత్సవానికి కట్టిన ఫ్లెక్సీ అది. పైన గొర్రెపిల్లను భుజాన వేసుకున్న కాపరి, కింద వరుసగా గతించిన సంఘ పెద్దల ఫోటోలు, ఆ వరుసలో నల్లకోటుతో మా పెద్దబాపు. ఆయన ఫోటో కింద ఎర్రటి అక్షరాల్లో, సంఘ ఉపవాస ప్రార్థనల బలంతో సైనికుని చెర విడిపించిన న్యాయవాది అని రాశారు. పక్కనే ఉన్న మా కొత్త పాస్టరు, వయసులో నా కొడుకంత ఉంటాడు, నా మొఖం చూసి ఆనందంతో మాట రావడం లేదనుకున్నాడేమో, "ఆంటీ, ఉత్సవం నాడు మైకు మీకే. ఆ సైనికుని కోసం మన సంఘమంతా ఎట్ల మోకరించిందో కొంచెంసేపు చెప్పుర్రి చాలు" అన్నాడు.

అతని మీద నాకు కోపం లేదు. ఆ కాలానికి అతను పుట్టనే లేదు, ఎవరో చెప్పిందే అచ్చు వేయించాడు. కానీ ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని గుర్తు చేసుకోబోయాను. మోకరించినవాళ్ళు ఎంత వెదికినా గుర్తుకు రాలేదు, వీపు తిప్పినవాళ్ళు మాత్రం ఒక్కొక్కరే కళ్ళ ముందుకు వచ్చి నిలబడ్డారు. ప్రార్థన చేసుకున్నాను, కోపం చల్లారలేదు. కోపపడి కూడా పాపం చేయకుండా ఉండవచ్చని లేఖనం ఒప్పుకుంటుంది గనుక, ఆ ధైర్యంతోనే, గుమ్మంలోకి టెలిగ్రాము వచ్చిందంటే ఇల్లంతా గుండె పట్టుకున్న రోజులు ఎరిగిన నా ఈడువాళ్ళకు, జరిగింది జరిగినట్టు చెబుతాను.

పెద్దబాపు మా బాపుకు సొంత అన్న. మిషన్ బడిలో చదువుకుని, హైదరాబాదులో లా పూర్తి చేసి, సిద్దిపేట మున్సిఫ్ కోర్టులో వకాలత్ పెట్టుకున్నాడు. అన్న చదువు వైపు పోతే తమ్ముడు పటాలంలో చేరాడు. నేను పుట్టబోయే రోజుల్లో మా అమ్మకు ప్రాణం మీదికి వస్తే, సెలవు మీద వచ్చిన మా బాపు గడువు దాటినా దవాఖానలో ఆమె మంచం పక్కనే ఉండిపోయాడు. తిరిగి వెళ్ళగానే విచారణ పెట్టారు. పటాలం అధికారి ఒక్కడే కూర్చుని విచారించి ఒక్కడే తీర్పు చెప్పే చిన్న రకం కోర్టు మార్షల్ ఒకటుంటుంది, అందులో వకీలుకు నోరు తెరిచే హక్కు లేదు. ఏమైనా చెప్పుకునేది ఉందా అని అధికారి అడిగాడట. పైవాడి ముందు ఎదురు మాట్లాడకూడదని నేర్పించిన నాలుక కదా, మా బాపు నిటారుగా నిలబడి, చెప్పేదేం లేదు సాబ్ అన్నాడట. భార్య చావుబతుకుల మధ్య ఉన్నదన్న ఒక్క ముక్క చెప్పలేకపోయాడు. డిస్మిస్ చేసి పంపించారు. ఆ తర్వాత బతికినన్నాళ్ళూ బియ్యం మిల్లు గేటు దగ్గర కాపలా కాశాడు, ఖాకీ చొక్కా మాత్రం ఇస్త్రీ లేనిదే వేసుకునేవాడు కాదు. నేను ఊహ తెలిసిన నాటి నుంచి ఆ ఇస్త్రీ మడతలను చూస్తూ, మొఖం కూడా తెలియని ఆ అధికారిని మనసులో నానా మాటలు తిడుతూ పెరిగాను.

పెద్దబాపు తిట్టుకుంటూ కూర్చోలేదు. మిలిటరీ చట్టం పుస్తకాలు తెప్పించుకుని చదివాడు. వకీలును రానిచ్చే పెద్ద రకం కోర్టు మార్షల్ ఎక్కడ పడితే అక్కడికి, రైలెక్కి, ఏ ఎండల్లోనో ఏ చలిలోనో ఉన్న కంటోన్మెంట్లకు పోయి సిపాయిల తరఫున నిలబడడం మొదలుపెట్టాడు. పాత బస్టాండు దగ్గర దర్జీ దుకాణం మీద ఒక కిరాయి గది ఆయన ఆఫీసు. నేను లా చదివి ఎనభైల చివర్లో ఆయన దగ్గర జూనియరుగా చేరేనాటికి, చేర్యాల బస్సు దిగి, మర్కూక్ వైపు బస్సు దిగి, నేరుగా ఆ మెట్లెక్కే అవ్వలూ నాయినలూ చాలామందే ఉండేవారు. గట్టు తగాదాల కేసులు మాకు అన్నం పెట్టేవి, సిపాయిల కేసులు ఆయనకు ఆ అన్నం సహించకుండా చేసేవి. బార్ రూములో తోటి వకీళ్ళకు ఇదంతా వేళాకోళం.

"ఏం కర్నల్ సాబ్, బార్డర్ కెళ్లి ఎప్పుడు దిగినవ్? మా గట్టు పంచాయితీకి ఫిరంగి గిట్ల తెచ్చినవా?" అని ఒకాయన అంటే, "తెచ్చిన, గని నీ మీద పేలిస్తే గుండు దండుగ" అని పెద్దబాపు తన కాగితాలు తాను చూసుకునేవాడు.

మున్సిఫ్ కోర్టుకు అరిగిన చెప్పులతో పోయే మనిషి, కోర్టు మార్షల్ ప్రయాణం ఉందంటే మాత్రం మెట్ల మీద కూర్చుని నల్లబూట్లకు తానే పాలిష్ పెట్టుకునేవాడు, ఇంకొకరిని తాకనిచ్చేవాడు కాదు. మిలిటరీవాళ్ళు ముందు బూట్లు చూస్తారు, తర్వాత మొఖం చూస్తారు, మాట వినేది ఆ రెండూ నచ్చితేనే అనేవాడు. అంతకన్నా విచిత్రం ఆయన సిపాయిలకు ఇచ్చే తాలీము. చట్టం సంగతి తర్వాత, ముందు నోరు తెరవడం రావాలని, సెలవు మీద వచ్చిన పిల్లగాళ్ళను ఆ గదిలో అటెన్షన్‌లో నిలబెట్టి, తానే అధికారిలా మీసం దువ్వుకుంటూ హిందీలో గట్టిగా కసిరేవాడు. ఎంత కసిరినా తల దించకుండా, చెప్పేదున్నది సాబ్, అనాలి. ఒకడికి గొంతు రాదు, ఒకడికి నవ్వు వస్తుంది, ఒకడు ఏకంగా సెల్యూట్ కొట్టి మాఫ్ చేయండి అంటాడు. మళ్ళీ మొదటికి. కింద దర్జీ మిషను ఆపి, "అరె, ఇగనన్న చెప్పు బిడ్డా, నాకు బటన్లు కుట్టుడు గూడ ఎటమటమైతున్నది" అని అరిచేవాడు. నవ్వుకునేవాళ్ళం గానీ, ఆ తాలీములో పెద్దబాపు కసిరినప్పుడల్లా ఆ గదిలో నాకు మా బాపు నిలబడి ఉన్నట్టే అనిపించేది.

ఇక మా సంఘం గురించి కూడా చెప్పాలి, లేకపోతే కథ అర్థం కాదు. మా ఆరాధనలో పాస్టరు వాక్యం చెప్పడానికి ముందు సాక్ష్యాలుంటాయి. విశ్వాసి లేచి నిలబడి, ప్రభువు దొరకకముందు తాను ఎంత పాపిగా ఉన్నాడో, ఆయన తనను ఎట్లా ఎత్తుకున్నాడో నలుగురి ముందు చెబుతాడు. చీకటి ఎంత నల్లగా చెబితే వెలుగు అంత తెల్లగా కనబడుతుందని, ఆ రోజుల్లో ఎవరూ తమ గతాన్ని బూడిదరంగులో చెప్పేవారు కాదు. కోడిని కోయమంటే కళ్ళు మూసుకునే ముసలమ్మ లేచి నేను హంతకురాలిని అనేది, పొరుగింటి బెల్లం ముక్క ఎరగని మనిషి నేను గజదొంగను అనేవాడు. అది అబద్ధం కాదు. తమ్ముణ్ణి ద్వేషించినవాడు నరహంతకుడే అన్న వాక్యం మీద పెరిగినవాళ్ళం మేము, మమ్మల్ని మేము ఆ కొలతతోనే కొలుచుకునేవాళ్ళం. అప్పటి పాస్టరు గారు కూడా అట్లాగే నేర్పారు, ఇంకా ఇంకా అని వెనక నుంచి స్తోత్రాలు పలుకుతూ ఉత్సాహపరిచేవారు.

చంద్లాపూర్ దగ్గరి పల్లెలో కూలి చేసుకునే ఒక విశ్వాసుల కుటుంబం నుంచి ఒక పిల్లగాడు ఈ సాక్ష్యాల మధ్యే పెరిగి పటాలంలో డ్రైవరుగా చేరాడు. నేను అతన్ని అన్నా అనేదాన్ని. ఒకరోజు అతని తల్లి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చి, కొంగులో నుంచి టెలిగ్రాము తీసి బల్ల మీద పెట్టింది. అన్న కోర్టు మార్షల్‌లో పడ్డాడు. వాళ్ళ షెడ్డులో ట్రక్కు బ్యాటరీలు పోయాయి, ఆ రోజుల్లో అక్కడ డ్యూటీ అతనిది. అంతమాత్రానికే దొంగ అనరు. కానీ బారకాసులో కొద్దిమంది విశ్వాసులు ఆదివారం సాయంత్రం ఒక గదిలో చేరి ప్రార్థన చేసుకునేవారట, చివర్లో చాయ్ ఇస్తారని విశ్వాసం లేని ఒక తోటి సిపాయి కూడా వచ్చి కూర్చునేవాడట. అన్న అక్కడ లేచి, మా సంఘంలో చెప్పినట్టే, నేను దొంగను, పరుల సొమ్ము తిన్నవాణ్ణి, ఎవరికీ దొరకలేదు, ప్రభువుకు దొరికాను అని కన్నీళ్ళతో చెప్పాడు. బ్యాటరీలు పోయిన గోల లేవగానే ఆ తోటి సిపాయి పైవాళ్ళకు ఇదంతా చెప్పాడు. అతను కల్పించలేదు, విన్నది విన్నట్టే చెప్పాడు. నేరం రుజువైతే జైలు, ఆ తర్వాత మా బాపు లాగే డిస్మిస్, ముసలితల్లికి ఇక దిక్కు లేదు.

పెద్దబాపు బూట్లు పాలిష్ చేసుకున్నాడు. ఇద్దరం రైలెక్కాం. ఎక్కడో ఉత్తరాదిలోని ఆ కంటోన్మెంటులో, కాపలావాడు గుమ్మంలో నిలబడి ఉండగా, అన్నను కలిశాం.

"నువ్వు ఎత్తుకపోయినవా?"

"లేదు సార్. దేవుని తోడు, బ్యాటరీ నేను ముట్టలే."

"మరి విచారణల దొంగను అని ఎందుకు ఒప్పుకుంటివిరా?"

"దొంగను అని సాక్ష్యం చెప్పినవా అని అడిగిన్రు, చెప్పిన అంటిని. నిజమే గద సార్. చిన్నప్పుడు పటేల్ చేన్ల మక్క కంకులు ఎన్ని విరుచుకపోలే!"

"గదే చెప్పు మరి. కంకుల ముచ్చట అను, అయిపాయె."

అన్న తల అడ్డంగా ఊపాడు. "గట్ల చెప్తే సాక్ష్యాన్ని చిన్నగ చేసినట్టు గాదా సార్? ప్రభువు నన్ను ఎంత లోతుకెళ్లి ఎత్తిండో గది ఆయన ముంగట చెప్పిన. ఇప్పుడు సాబులకు భయపడి, ఉత్తదే, ఏదో మాట వరసకు చెప్పిన అంటే, ఇగ నేనేం విశ్వాసిని?"

ఎంతమంది చేతనో చెప్పేదున్నది సాబ్ అనిపించిన పెద్దబాపు, చెప్పింది వెనక్కి తీసుకోనన్న మనిషి ముందు తన కాగితాలు మడిచి సంచిలో పెట్టుకున్నాడు. బయటికి వచ్చాక, పిల్లగాడు అనేది తప్పు కాదు బిడ్డా, వాడు వెనక్కి తీసుకోవలసిన పని లేదు, మన దగ్గర ఈ ఆనవాయితీ ఏమిటో తెలిసినవాళ్ళు వచ్చి కోర్టుకు చెబితే చాలు, పాస్టరు గారు వస్తారు, ఆయన నేర్పిందే కదా అన్నాడు. తిరుగు ప్రయాణమంతా ఆ నమ్మకంతో కిటికీలోంచి చేన్లు చూస్తూ కూర్చున్నాడు.

మేము సిద్దిపేటలో దిగేసరికి, అరెస్టు వార్త విని సంఘం ఒక పని చేసి పెట్టింది. అన్న వాళ్ళ అవ్వను ప్రభువు బల్ల నుంచి ఆపేశారు. రొట్టె, ద్రాక్షరసం పంచే వేళ ఆ ముసలామె లేచి బయటికి పోయి కిటికీ దగ్గర నిలబడాలి. కొడుకు దొంగ అని రుజువు కాకముందే తల్లికి శిక్ష. పాస్టరు గారి వరండాలో పెద్దబాపు సంగతంతా చెప్పి, రండి, మీరు వచ్చి ఒక్క మాట చెప్పండి అని బతిమాలాడు. నేను ఆయన వెనకే నిలబడి ఉన్నాను.

"అవిశ్వాసుల ముందుకు పోయి, మా సాక్ష్యాలు ఉన్నదానికన్నా ఎక్కువ చేసి చెప్పేవని చెప్పాలా నేను? రేపు మన సాక్ష్యం ఎవరన్నా నమ్ముతారా వకీలు గారూ?" అన్నారు పాస్టరు గారు. పక్కన కూర్చున్న పెద్దలు తలలు ఊపారు.

తాలీములో తప్ప పెద్దబాపు గొంతు పెంచడం నేను ఆ రోజే మొదటిసారి విన్నాను. "అయ్యగారూ, గా పోరడు మీరు నేర్పిన మాటలే చెప్పిండు. మాటలు మీవి, బేడీలు వానికా?"

పాస్టరు గారు ప్రార్థన చేసుకుందాం అని కళ్ళు మూసుకున్నారు. ఫ్లెక్సీ మీద రాసిన ఉపవాస ప్రార్థన బహుశా అదే. ఆ ప్రార్థన అయ్యేలోపు పెద్దబాపు మెట్లు దిగిపోయాడు, నేను ఆమేన్ అనకుండానే ఆయన వెంట పోయాను. యేసును సిలువకు అప్పగిస్తూ నీళ్ళ పళ్ళెం తెప్పించుకుని జనం ఎదుట చేతులు కడుక్కున్న గవర్నరును ప్రతి శుభ శుక్రవారం మా పల్పిటు మీద నుంచి దుమ్మెత్తి పోసే మనిషి, తన చేతులు తడి చేసుకోకుండానే అదే పని చేశాడు.

ఎవరూ రాకపోతే నేను వస్తానన్నాను. వకీలుగా ఉన్న మనిషి సాక్షిగా నిలబడకూడదు గనుక ఆ కేసు వకాలత్‌లో నుంచి నా పేరు తీసేశారు. విచారణ రోజున నన్ను బయట వేపచెట్టు కింద బెంచీ మీద కూర్చోబెట్టారు, లోపల తోటి సిపాయి ఏం చెప్పాడో, పెద్దబాపు అతన్ని ఏం అడిగాడో నాకు వినబడలేదు. పిలుపు వచ్చి లోపలికి పోతే, పొడవైన హాలు, పచ్చగుడ్డ పరిచిన మేజా, దాని వెనక పతకాల వరుసలతో అధికారులు. ఒక పక్కన టోపీ లేకుండా అన్న. ఏ ప్రమాణమూ చేయవద్దన్న వాక్యం ఎరిగినదాన్ని గనుక ప్రమాణం చేయకుండా, సత్యమే చెబుతానని మాట ఇచ్చాను. పెద్దబాపు అడిగినదానికి, మా సంఘంలో సాక్ష్యం అంటే ఏమిటో నాకు వచ్చిన హిందీలో చెప్పాను. తర్వాత అటువైపు వాదించే అధికారి లేచాడు. కుర్రవాడు, తెలివైనవాడు.

"అంటే మీ చర్చిలో నిలబడి చెప్పేవన్నీ అబద్ధాలా?"

"కాదు సార్. దేవుని ఎదుట అవన్నీ నిజాలే."

"మీరు కూడా ఇట్లా ఎప్పుడైనా చెప్పారా?"

"చెప్పాను. బాప్తిస్మం తీసుకున్న రోజున."

"ఏమని?"

"నేను హంతకురాలినని."

ఒకరిద్దరు అధికారులు నవ్వారు. ఆ కుర్ర అధికారి కూడా నవ్వి, "ఎవరిని చంపారు?" అన్నాడు.

"ఎవరినీ చంపలేదు. మనిషిని ద్వేషిస్తే చంపినట్టేనని మా వాక్యం. నేను ద్వేషించాను, అందుకని అట్లా చెప్పాను."

అతను ఇక కూర్చోబోతుంటే, మేజా నడుమ ఉన్న పెద్ద అధికారి, నెరిసిన మీసాలాయన, చేత్తో ఆగమని సైగ చేసి నన్ను నేరుగా అడిగాడు.

"ఎవరిని ద్వేషించావమ్మా?"

సత్యమే చెబుతానని మాట ఇచ్చాను కదా, ఇక దాచుకునే దారి లేదు.

"మా బాపు సిపాయి సార్. మా అమ్మ దవాఖానలో ఉంటే సెలవు దాటి ఉండిపోయాడు. ఆ సంగతి ఆయన చెప్పుకోలేకపోతే, ఇంకో మాట అడగకుండా డిస్మిస్ చేసిన అధికారిని ద్వేషించాను."

నవ్విన మొఖాలన్నీ నా మీది నుంచి పక్కకు తిరిగాయి. ఆ పెద్దాయన మాత్రం కళ్ళు తిప్పుకోలేదు.

"ఇప్పుడో?"

"ఇప్పుడు కూడా కొంచెం ఉన్నది సార్."

ఆయన కాగితం మీద ఏదో రాసుకుని నన్ను పొమ్మన్నాడు. నా పని అయిపోయింది గనుక వెనక కుర్చీలో కూర్చోనిచ్చారు. నిందితుడు చెప్పుకునేదేమైనా ఉందా అని అడిగారు. అన్న లేచి నిలబడ్డాడు. దర్జీ దుకాణం మీది గది ఎన్నడూ చూడని ఆ మనిషికి పెద్దబాపు కాపలావాడి ఎదుటే నేర్పిన మాట, హిందీలో, తల దించకుండా అన్నాడు. చెప్పేదున్నది సాబ్. దేవుని ముందు నేను దొంగనే, ఆ మాట ప్రాణం పోయినా వెనక్కి తీసుకోను, మీ బ్యాటరీలు మాత్రం నేను ముట్టలేదు. అంతే చెప్పి కూర్చున్నాడు. పెద్దబాపు వాదన కూడా పొడుగు చేయలేదు. ఆ మాటలతో ఈ సిపాయిని జైలుకు పంపుతామంటే, న్యాయం సమానం గనుక, ముందు హంతకురాలినని ఒప్పుకున్న నా తమ్ముడి బిడ్డను ఉరి తీయండి అని, చేత్తో నన్ను చూపించి కూర్చున్నాడు.

అధికారులు తమలో తాము మాట్లాడుకుని తిరిగి వచ్చారు. నిర్దోషి అన్నారు. పైవాళ్ళ ఆమోదం వచ్చేదాకా అది ఖరారు కాదు, కొన్నాళ్ళకు అదీ వచ్చింది. బ్యాటరీలు ఎవరు ఎత్తుకుపోయారో మాకు నేటికీ తెలియదు. ఆ రోజు బయటికి వచ్చాక, వేపచెట్టు కింద బూటు మీద పడ్డ దుమ్మును రుమాలుతో తుడుచుకుంటూ, "కొంచెమేంది బిడ్డా, నీకు నిండ ఉన్నది" అన్నాడు పెద్దబాపు. నవ్వుతున్నాడనుకున్నాను, కళ్ళు చూస్తే నవ్వడం లేదు.

మా వాక్యం ఎరగని ఆ అధికారులు ఒక్క పూటలో అర్థం చేసుకున్నదాన్ని, వాక్యం చేతపట్టుకుని తిరిగే మా వాళ్ళు ఏళ్ళు గడిచినా అర్థం చేసుకోలేదు. కోపం అందుకు. మేము తిరిగి వచ్చిన ఆదివారమే పాస్టరు గారు, సంఘం గుట్టును బయటివాళ్ళ ముందు పెట్టినందుకు, బాప్తిస్మపు సాక్ష్యాన్ని కోర్టులో నవ్వులపాలు చేసినందుకు, పెద్దబాపు లేచి క్షమాపణ చెప్పాలన్నారు. పెద్దబాపు లేవలేదు. సంఘ పెద్దల్లోంచి తీసేశారు, బల్ల నుంచి ఆపేశారు. నా సంగతి ఎత్తనే లేదు, ఆడపిల్ల మాటకు ఆ మాత్రం లెక్క కూడా ఇవ్వలేదు. అన్న విడుదల ఖరారైన తర్వాతి ఆదివారం, పాస్టరు గారు పెద్ద మనసు చేసుకున్నట్టు అన్న వాళ్ళ అవ్వను కిటికీ దగ్గర నుంచి లోపలికి పిలిచి, అమ్మా, సంఘం నిన్ను క్షమించింది అన్నారు.

"నేనేం జేసిన్నని మాఫ్ జేస్తున్నవయ్యా?" అన్నది ఆమె, అందరికీ వినబడేటట్టు. "నా కొడుకేం జేసిండని? బల్ల నీదా, ప్రభువుదా? ముందు గా రొట్టె ఇటియ్యి, నాకు ఆకలైతున్నది."

చెయ్యి చాపి పళ్ళెంలోంచి తానే తీసుకుంది. ఆ రోజు నాకు ఆరాధన మొత్తంలో దేవుడు కనబడింది ఆ చెయ్యి చాపడంలోనే.

పెద్దబాపు అట్లా చెయ్యి చాపలేదు. మరో సంఘానికి పోదామని నేను ఎంత చెప్పినా వినలేదు, ఇది వాళ్ళ ఇల్లు కాదు బిడ్డా పోవడానికి అనేవాడు. ప్రతి ఆదివారం వచ్చి, వెనక చాప మీద గోడకు ఆనుకుని కూర్చుని, రొట్టె పళ్ళెం తనను దాటిపోతుంటే తల వంచుకుని ప్రార్థన చేసుకునేవాడు. ఇంటికి తిరిగివచ్చిన తమ్ముడి విందుకు లోపలికి రానని గుమ్మం బయట అలిగిన పెద్దకొడుకు కథ మా పాస్టరు గారికి ఎంతో ఇష్టం, ఎన్నోసార్లు ప్రసంగించారు. ఇక్కడ తమ్ముడు తప్పిపోనూ లేదు, అయినా లోపల విందు చేసుకుంటున్నది అలిగిన పెద్దకొడుకులే.

ఆ తర్వాత అన్న సెలవు మీద వచ్చినప్పుడు, యూనిఫారంలో ఆరాధనకు వచ్చి కూర్చున్నాడు. సంఘమంతా మెడలు తిప్పి చూసింది. పాస్టరు గారు ఉత్సాహంగా, తమ్ముడు లేచి, సంఘ ప్రార్థన తనను ఎట్లా విడిపించిందో సాక్ష్యం చెబుతాడు అన్నారు. అన్న లేచాడు. వెనక చాప మీద కూర్చున్న పెద్దబాపు వైపు ఒకసారి చూశాడు, మళ్ళీ ముందుకు చూశాడు.

"చెప్పేదేం లేదు అయ్యగారూ" అని కూర్చున్నాడు.

మా బాపు అన్న మాటే. ఏ మాట సిపాయిల నోట రాకుండా చేయాలని పెద్దబాపు తన బతుకంతా రైళ్ళలో తిరిగాడో, పతకాల అధికారుల ముందు కూడా రాని ఆ మాటను, మా సంఘం ఆ మనిషి నోట రప్పించింది. వెనక్కి తిరిగి చూస్తే పెద్దబాపు రెండు చేతుల్లో మొఖం పెట్టుకుని ఉన్నాడు. ఆ రోజు నుంచి అన్న ఏ ఆదివారమూ నోరు విప్పలేదు. సాక్ష్యాల వేళ రాగానే లేచి, గేటు దగ్గర చెప్పుల మధ్య నిలబడి, వాక్యం మొదలైనాక లోపలికి వచ్చేవాడు. తొంభైల చివర్లో పెద్దబాపు పోయినప్పుడు సమాధి దగ్గర అదే పాస్టరు గారు, మన సంఘానికి స్తంభం వంటి మనిషి అని ప్రసంగించారు. బల్ల నుంచి ఆపిన సంగతి ఎత్తలేదు. మట్టి వేయడానికి అందరికన్నా ముందు చెయ్యి పెట్టింది అన్న.

ఇప్పుడు చంద్లాపూర్ వైపు పోతే రిజర్వాయరు కట్ట మీద ఫోటోలు దిగే జనం. దర్జీ దుకాణం, దాని మీది గది పోయి అక్కడ సెల్‌ఫోన్ల షాపు వచ్చింది. సాక్ష్యాలు మైకులో చెబుతున్నారు, ఫోన్లలో తీసి ఊరంతా పంపుతున్నారు, మేము గుండె దడదడలాడుతూ లేచి చెప్పుకున్న మాటలను ఇప్పటి పిల్లలు భయం లేకుండా, చక్కగా, నవ్వుతూ చెబుతున్నారు. మంచిదే. కానీ ఒక మనిషి తనను తాను పాపినని చెప్పుకున్న మాటకు, ఆ మాట నేర్పినవాళ్ళు పూచీ పడాలన్న ఎరుక మాత్రం అప్పుడూ ఎవరికీ లేదు, ఇప్పుడూ లేదు. అప్పుడు వీపు తిప్పారు, ఇప్పుడు ఫ్లెక్సీ కట్టారు. నాకు వీపు తిప్పడమే నయమనిపిస్తున్నది, అందులో కనీసం అబద్ధం లేదు.

పోయిన ఆదివారం నేను ఒంటికాలి చెప్పుతో నిలబడ్డప్పుడు, అన్న అక్కడే గేటుకు ఆనుకుని ఉన్నాడు. పెన్షన్ తీసుకుని వచ్చి చాలాకాలమైంది, జుట్టంతా తెల్లబడింది, నడుం మాత్రం ఇంకా సిపాయిదే. పాస్టరు లోపలికి పోయాక, అతను ఫ్లెక్సీని కిందా మీదా చూసి, "ఫోటో నడుముకాన్నే కోసిన్రు చెల్లె. వకీలు సాబు బూట్లు కనవడ్తలేవు" అన్నాడు. రాసిన అక్షరాల గురించి ఒక్క మాట అనలేదు.

నేను మైకు తీసుకుంటానని పాస్టరుకు ఫోను చేసి చెప్పాను. సంతోషించాడు పాపం. ఏం చెబుతానో అడగలేదు, మొదటి మాట మాత్రం పెద్దబాపు నేర్పిందే. అన్నకు కూడా ఫోను చేసి, ఆ ఒక్కరోజు గేటు దగ్గరికి పోకు, లోపలే కూర్చో అన్నాను.

"చూస్త చెల్లె" అన్నాడు.